ఊక మీద హంగరీ ఆట

1994 జూన్‌లో నన్ను మండపేట దగ్గరి ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా వేశారు. కాగితం మీద పి.డి. అంటే లెక్చరర్ హోదాయే. స్టాఫ్ రూములో మాత్రం డ్రిల్లు మాస్టారే. పరీక్షలకు బెంచీలు వేయించడం, పంద్రాగస్టుకు జెండా కర్ర నిలబెట్టించడం, కాలేజీ డేకి షామియానా చూసుకోవడం, ఇవన్నీ మన నెత్తినే పడతాయి. మిగిలిన వేళల్లో ఆటలు. వాటిలో నాకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ ఊళ్లో కబడ్డీకి ఉన్న పరువులో పదో వంతు కూడా దానికి లేదు.

అందుకు గ్రౌండే కారణం. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలయ్యాక తుఫాను భయం మొదలవగానే చుట్టుపక్కల రైతులు, మిల్లుల వాళ్లు బరకాలు తెచ్చి మా గ్రౌండులో పరిచి ధాన్యం ఆరబోసుకునేవారు. ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. తడిసిన ధాన్యం ఎండబెట్టుకుంటానంటే కాదనే మనిషి మా ప్రాంతంలో పుట్టలేదు, పుట్టకూడదు కూడా. అయితే మా యూనివర్సిటీ జోనల్ పోటీలు డిసెంబరులోనే జరిగేవి. సరిగ్గా సాధన చేయాల్సిన రోజుల్లో గోల్ పోస్టుల ముందు వడ్ల రాశులు ఉండేవి. ఇవి నాకౌట్ పోటీలు, ఒక్కసారి ఓడితే ఇంటికే. మా జట్టు ఏటా మొదటి మ్యాచిలోనే ఓడి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసేది.

నేను చేరిన మరుసటి ఏడు ప్రిన్సిపాల్ గారు పిలిచి సంగతి తేల్చేశారు. కబడ్డీకి ఓ మూల కోర్టు చాలు, మిగతా గ్రౌండంతా సిమెంటు చేయించి శాశ్వతంగా కళ్లం చేసేద్దామని కాలేజీ కమిటీ ఆలోచనట. "ఈసారి జోనల్స్ గెలుచుకు రండి మాస్టారూ, కమిటీతో నేను మాట్లాడతాను. లేదంటే మాత్రం నన్నేమీ అడక్కండి" అన్నారు. జోనల్స్ గెలవడమంటే రాజమండ్రి కాలేజీ జట్టును ఓడించడమే. ఆ పని చేసినవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. అలాగేనండి అని బయటికొచ్చేశాను.

మిషన్ హైస్కూల్లో పనిచేసి రిటైరైన సాల్మన్ మాస్టారు రోజూ సాయంత్రం గొడుగు పుచ్చుకుని మా గ్రౌండుకు వచ్చేవారు. వచ్చి ఊరుకునే రకం కాదు. "ఇది ఆటేంటండీ? దున్నపోతుల పందెం!" అని పిల్లల ముందే నన్ను దులిపేసేవారు. ఆయన లెక్కలో ఫుట్‌బాల్ 1950ల్లో పుట్టి 1950ల్లోనే పోయింది. ఏళ్ల తరబడి ఓటమి ఎరగని ఆ కాలపు హంగరీ జట్టు ఒక్కటే జట్టు. దాని కెప్టెన్ పొట్టిగా, బొద్దుగా ఉండే ఎడమకాలి వాటం మనిషి. సైన్యం జట్టుకు ఆడేవాడు కాబట్టి మేజరు హోదా ఉండేది. ఆ పేరు మాకెవరికీ నోరు తిరిగేది కాదు. అందరం "మేజరు గారు" అనేవాళ్లం, ఆయనేదో కాకినాడలో కాపురం పెట్టినట్టు.

1953లో హంగరీ ఇంగ్లాండును వాళ్ల గడ్డ మీదే ఆరు-మూడుతో చిత్తు చేసింది. ఆ మ్యాచి ముక్క ఒకటి రాజమండ్రి సినిమా హాల్లో న్యూస్‌రీల్‌గా వచ్చిందట. సాల్మన్ మాస్టారు దాని కోసమే మళ్లీ మళ్లీ టిక్కెట్టు కొని, అసలు సినిమా మొదలవగానే లేచి వచ్చేసేవారట.

"ముందు ఆ బొజ్జ చూసి నవ్వారండి ఇంగ్లాండు వాళ్లు. తర్వాత వాళ్లలో ఒకడు బంతి కోసం జారుకుంటూ మీదకొచ్చాడు. మేజరు గారు అరికాలితో బంతిని ఇలా వెనక్కి లాక్కున్నారు. వాడు ఉత్త నేల మీద జారుకుంటూ పోయాడు. ఈయన అదే కాలితో గోలు కొట్టేశారు. అంతేనండి!" అని గొడుగు మొనతో చేసి చూపించేవారు. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు పులకరించేది.

మా వృత్తిలో దీన్ని డ్రాగ్‌బ్యాక్ అంటారు. శరీరం బరువంతా నిలబడ్డ కాలి మీద ఉండాలి. రెండో అరికాలు బంతి మీద తేలిగ్గా ఆనాలి. లాగిన మరుక్షణం అదే కాలు కొట్టడానికి లేవాలి. వినడానికి ఎంతో తేలిక. మా పిల్లలు మాత్రం బంతి మీద కాలేసి ఒకరి తర్వాత ఒకరు వెల్లకిలా పడ్డారు.

జట్టులో వీర్రాజు అని ఒక కుర్రాడు ఉండేవాడు. ఇన్‌సైడ్ లెఫ్ట్, అంటే ముందు వరసలో నడిమివాడికి ఎడమ పక్క ఆడేవాడు. లావుగా ఉంటాడని తోటివాళ్లు "బస్తా" అని ఏడిపించేవారు. వాళ్ల నాన్న మిల్లు ధాన్యం ఆరబెట్టించే మేస్త్రి. గ్రౌండు అవతలి కొసన తండ్రికి సాయం చేసి వీడు సాధనకు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. ఒక సాయంత్రం చిరాకేసి వాణ్ణి లాక్కొద్దామని నేనే వెళ్లాను. బరకం అంచు దాటి మట్టిలో పడబోయే గింజల్ని వాడు ఎడమ అరికాలితో లోపలికి లాగుతున్నాడు. బరువంతా కుడికాలి మీదే ఉంది. గింజ చెదరడం లేదు.

తిట్టడం మర్చిపోయాను. మట్టి మీదకు పిలిచి వాడి ముందు బంతి పెట్టి, అలాగే లాగమన్నాను. లాగాడు. వెనకాలే వచ్చిన సాల్మన్ మాస్టారు "మేజరు గారండీ!" అని గావుకేక పెట్టారు. ఆయన గొడుగు వడ్ల మీద పడింది.

అయితే ఒక చిక్కొచ్చింది. పోటీల్లో బూట్లు వేసుకోవడం తప్పనిసరి. బూటు వేసుకుంటే వీర్రాజు కూడా అందరిలాగే వెల్లకిలా పడ్డాడు. బూట్లతోనే గింజలు లాగి అలవాటు చేసుకోమన్నాను. వాడు నాకేసి వింతగా చూశాడు.

"ధాన్యం మీద చెప్పుకాలు పెడితే మా నాన్న ఇంట్లోకి రానివ్వడండి. నేనూ పెట్టలేనండి" అన్నాడు.

నేనూ ఆ నేల మీద పుట్టినవాణ్ణే కదా. ఆ మాట అక్కడితో వదిలేశాను. మర్నాడు మిల్లు పక్కనుంచి వస్తుంటే ఊక గుట్ట కనబడింది. ఊకకు ఏ మర్యాదా అక్కర్లేదు, ఇటుకల బట్టీకి పోయే సరుకు. బస్తాలకెత్తించి తెచ్చి గ్రౌండు మూల పరిపించాను. ముందు బూటుతో ఊక లాగడం, ఆ తర్వాత ఊక మీద పెట్టిన బంతిని లాగడం. స్టాఫ్ రూములో దానికి ఊకదంపుడు అని పేరు పెట్టారు. ప్రిన్సిపాల్ గారు వచ్చి చూసి, "గ్రౌండులో ఇటుకల బట్టీ పెట్టారేంటండీ?" అన్నారు. హంగరీ పద్ధతండి అని చెప్పాను. ఆయన ప్యాంటుకంటిన ఊక దులుపుకుంటూ వెళ్లిపోయారు.

డిసెంబరులో రాజమండ్రిలో జోనల్స్. మా వాళ్లు కిందా మీదా పడి ఫైనల్‌కు చేరారు. ఎదుట రాజమండ్రి కాలేజీయే. వెనక వరసలో కుడి పక్క కాచే వాళ్ల రైట్ బ్యాక్ యూనివర్సిటీ ఆటగాడు. నేల మీద జారుతూ వచ్చి బంతిని తన్నేయడంలో, అంటే స్లైడింగ్ టాకిల్‌లో, వాడికి తిరుగులేదు. వీర్రాజు బొజ్జ చూసి వాళ్లు బాహాటంగానే నవ్వారు. సాల్మన్ మాస్టారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "నవ్వనివ్వండి. అప్పుడూ నవ్వారు" అన్నారు.

ఆట చివరికొచ్చేసరికి చెరో గోలు. అప్పటిదాకా ఆ రైట్ బ్యాక్ మావాడి దగ్గర వచ్చిన బంతినల్లా ఊడ్చేశాడు. చివర్లో బంతి మళ్లీ వీర్రాజుకు అందింది. రైట్ బ్యాక్ దూరం నుంచే జారడం మొదలెట్టాడు. నా కళ్లెదుట సిమెంటు కళ్లం కనబడింది. వీర్రాజు కుడికాలి మీద నిలబడ్డాడు. బరకం అంచున గింజలు లాగినట్టే, ఎడమ బూటుతో బంతిని తాపీగా వెనక్కి లాక్కున్నాడు. అవతలివాడు జారుకుంటూ జారుకుంటూ పోయి సున్నం గీత మీద తేలాడు. వాడు లేచి నిక్కరు దులుపుకునేలోపు బంతి వలలో ఉంది.

నేను ఎగిరి గంతేశాను. రిఫరీ ఆఖరి విజిల్ వేసేసరికి సాల్మన్ మాస్టారు గొడుగు గాల్లో తిప్పుతూ గ్రౌండు మధ్యకెళ్లి, వీర్రాజును కావలించుకుని, నాకేసి తిరిగి అరిచారు: "న్యూస్‌రీల్‌లో కన్నా బాగుందండీ!" ఆ మాట కన్నా పెద్ద కప్పు నాకు ఉద్యోగ జీవితంలో మరొకటి రాలేదు.

ప్రిన్సిపాల్ గారు మాట నిలబెట్టుకున్నారు. సిమెంటు ఆలోచన పోయింది. ఆ తర్వాత కోతల కాలంలో సగం గ్రౌండు ధాన్యానికీ, సగం మాకూ. వీర్రాజు యూనివర్సిటీ జట్టుకు ఆడి, తర్వాత తణుకు దగ్గర ఒక స్కూల్లో పి.ఇ.టి. అయ్యాడు.

2006 నవంబరులో వాడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "మేజరు గారు పోయారంటండి, పేపర్లో వేశారు" అన్నాడు. అప్పటికి సాల్మన్ మాస్టారు లేరు. వాళ్లిద్దరి పేరు చెప్పుకుని కాసేపు మాట్లాడుకున్నాం. వెనక పిల్లల కేకలు వినబడుతుంటే ఏం చేయిస్తున్నావురా అని అడిగాను. "ఊక తెప్పించానండి" అన్నాడు.

నేను నేర్చుకున్నదీ అక్కడే ఉంది. ఆ ఫైనల్ తర్వాత, జట్టులోకి వచ్చిన కొత్త కుర్రాణ్ణి ముందే పరుగెత్తించి చూడటం మానేశాను. ఇంటి దగ్గర ఏం పని చేస్తావురా అని అడిగి, జవాబు విన్నాకే బంతి ఇచ్చేవాణ్ణి.