లస్మవ్వ అడుగు

పొద్దు పొడవకముందే పొరక చప్పుడుకు శ్యామలకు మెలకువ వచ్చేది. అత్త లస్మవ్వ వాకిలి ఊడ్చే చప్పుడది. దసరా ముందు అత్త పోయింది, పొరక శ్యామల చేతికి వచ్చింది. అయినా మంచులో వాకిలి అటు చివరన ఎవరో వంగి, వెనక్కి వెనక్కి నడుస్తున్నట్టే ఉంటుంది.

లస్మవ్వ ఎప్పుడూ అలా వెనక్కి జరుగుతూనే ఊడ్చేది. చిన్ననాడు ఆమె ఆడబాప. దొరబిడ్డ అత్తారింటికి పోతుంటే మంచం, బిందెలతో పాటు ఆమెనూ బండెక్కించారు, బతుకంతా చాకిరీ చేయమని. దొర లేచి వచ్చేసరికి గడీ వాకిట్లో దాసిదాని అడుగు కనబడకూడదు. తన అడుగును తానే తుడుచుకుంటూ పోవాలి. గడీ పాడుబడింది, లస్మవ్వకు పెండ్లయింది, కొడుకు పుట్టాడు. ఆ నడక మాత్రం పోలేదు.

సుల్తానాబాద్ దగ్గరి ఆ ఊరి బడిలో భూమిక టీచర్ వెట్టి పాఠం చెబుతోంది. ఒకనాడు శ్యామల ఇంటికి వచ్చింది.

"పుస్తకంల ఉన్నది చెప్పిన అక్కా. మీ అత్త చేతులకు, కాళ్ళకు యాదున్నది పిల్లలకు నువ్వు చూపియ్యాలె."

భర్త అంతయ్యకు కోపం వచ్చింది. "మా అవ్వను సచ్చినంక సుత దాసిదే అనిపిస్తవా?"

"నేను సూపియ్యకుంటే, అత్త ఒకామె ఉండెనని ఎవలకెర్క?"

అంతయ్య తువ్వాల దులిపి పొలం దిక్కు పోయాడు.

ఆదివారం పొద్దున పిల్లలు వచ్చారు. శ్యామల వంగి, వెనక్కి నడుస్తూ ఊడ్చింది.

"రివర్స్ గేర్ పడ్డదిరో!" అన్నాడొకడు. అందరూ కిసుక్కుమన్నారు.

ఒక పిల్ల మాత్రం అడుగు జాడ లేని నున్నటి మట్టిదుబ్బ వంక చూస్తూ నిలబడింది. "పెద్దమ్మా, మరి అవ్వ పాదం ఎంతుండె?"

నవ్వు ఆగిపోయింది. శ్యామల కూర్చుని దుబ్బలో వేలితో గీసింది. "గింతే బిడ్డా. పోయిననాడు ఆ కాళ్ళు నేనే కడిగిన. వేళ్ళు జర వంకర."

"బొటనేలు ఇంక లావుంటది," అన్నాడు వెనకనుంచి అంతయ్య. ఎప్పుడు వచ్చాడో, చెప్పులు విడిచి వచ్చి, వంగి దిద్దాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ పాదం పక్కన తమ పాదం పెట్టి చూసుకున్నారు.

తెల్లవారి శ్యామల పొరక పట్టుకుని బయటికి వచ్చింది. మంచులో ఎవరూ వంగి లేరు. వాకిలంతా చిన్న చిన్న అడుగులు, నడుమ అత్తది.

పొరక గోడకు ఆనించి, పొయ్యి ముట్టించడానికి లోపలికి పోయింది.