బిడ్డను బడికి ఒప్పజెప్పడం

బడి మళ్లీ తెరుస్తారన్న సంగతి మా ఊర్లో మొదట తెలిసింది నాకే. విని సంతోషపడనోడిని కూడా మొదట నేనే.

హెడ్మాస్టరు సారు మా ఇంటి ముందర బండి ఆపి, దిగకుండానే చెప్పినాడు.

"అప్పా, ఆర్డరు వచ్చేసింది. పై వారం నుంచి చిన్నపిల్లోల్లకు కూడా బడి. జనాలు భయపడతాండారు. నువ్వు పేరెంట్స్ కమిటీలో ఉండావు కదా, కొత్త మేడంతో కలిసి ఇంటింటికీ పోయి ధైర్యం చెప్పల్ల. మా మాట కంటే నీ మాట ఇంటారు."

"అట్లే సార్" అన్నాను. నా కూతురు నా చొక్కా పట్టుకుని పక్కనే నిలబడుండాది. సారు దాన్ని చూసి నవ్వి, "ఏం పాపా, బడికొస్తావా?" అని అడిగినాడు. అది నా వెనక్కి పోయి దాక్కునింది. అట్ల దాక్కున్నందుకు నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

నేను తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలో పాలీషు పని చేసేవాణ్ణి. కరోనా వచ్చి లారీలు ఆగిపోతే మా మిషన్లూ ఆగిపోయినాయి. మా ఆవిడ పని మాత్రం ఆగలేదు. శెనక్కాయ చేన్లలో కలుపుకో, చెట్లు పెరకడానికో పొద్దున్నే కూలికి పోయేది. ఇంట్లో నేనూ నా కూతురూ మిగిలినాము. దాని పేరు ఒకటో తరగతిలో రాయించినాము గానీ, అది బడి లోపలికి అడుగు పెట్టిందే లేదు.

ఫ్యాక్టరీ నడిచేటప్పుడు నేను పోయేసరికి పాప నిద్ర లేచేది కాదు, వచ్చేసరికి నిద్రపోయుండేది. దానికి ముందరి పన్ను ఊడిపోయిందని కూడా నాకు మా ఆవిడ చెప్తేనే తెలిసింది. అట్లాంటోణ్ణి, పొద్దస్తమానం దాంతోనే గడిపే కాలం వచ్చింది. సంగటి ముద్ద చేసి మధ్యలో గుంట పెట్టి నెయ్యి పోస్తే తప్ప తినదని తెలుసుకున్నాను. జడలు వేయడం నేర్చుకున్నాను. మొదట్లో ఒక జడ చెవి మీదికి, ఇంకోటి మెడ మీదికి పోయేది. రానురాను పక్కింటి ఆడోళ్లు "ఎవురేసినారు పాపా?" అని అడిగేంత బాగా కుదిరింది. "మా నాయన" అని అది చెప్తాంటే నేను ఇంట్లో నుంచి వినేవాణ్ణి.

చదువు కూడా నేనే నేర్పినాను. ఇంటి ముందర పరిచిన నల్ల బండ మీద సుద్దముక్కతో నేను రాసేది, అది దిద్దేది. బండ నిండితే చెంబు నీళ్లు పోసి కడిగేవాళ్లం. మా ఎండకు ఆరడానికి ఎంతసేపు. పొద్దు గూట్లో పడే వేళకు మా ఆవిడ ఇంటికొస్తే, పాప ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ నా వైపు తిరిగి "ఇంగోటి రాయి నాయనా" అనేది.

కొత్త మేడం తాడిపత్రి నుంచి స్కూటీ మీద వచ్చేది. మా బడికి ఏసిన కొన్నాళ్లకే బడులు మూతపడినాయి కాబట్టి ఊర్లో ఆమెను ఎవరూ సరిగా ఎరగరు. సన్నగా, మాస్కు మీద కళ్లు మాత్రమే కనపడేట్టు ఉండేది. నాకంటే చిన్నది. ఆమెతో కలిసి వీధి వీధి తిరిగినాను. నేను పరిచయం చేసేది, ఆమె చెప్పేది.

ఆమె చెప్పేవి చిన్న చిన్న సంగతులే. ఇప్పటినుంచే పిల్లోల్లని పొద్దున్నే లేపండి. బడి టైముకే అన్నం పెట్టండి. ఇంట్లో కొంచేపు మాస్కు పెట్టి ఆడుకోనీండి, అలవాటైతాది. పాత యూనిఫారం ఒకసారి తొడిగి చూడండి, పొట్టైపోయుంటాది. ఒకరోజు సాయంత్రం చేయి పట్టుకుని బడి దాకా నడిపించుకుని రండి, ఊరికే చూపించి తీసుకపోండి. "బడికి పోతే మేడం కొడుతుంది" అని మాత్రం బెదిరించొద్దండి.

ఒక ఇంట్లో పిల్లోడు గొర్రెల వెంబడి పోవడం మరిగినాడు. "ఇంగ వాడు బడిలో కుదురుగా కూర్చుంటాడా మేడం?" అని వాళ్లమ్మ అడిగితే, "మొదట్లో కూర్చోడు. కూర్చోకపోయినా పంపించండి" అనింది. ఆ జవాబు నాకు నచ్చింది. నచ్చినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

ఇంకో ఇంట్లో ఒక అవ్వ మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, మేడంను వదిలేసి నన్ను అడిగింది.

"ఏమప్పా, ఊరందరికీ చెప్పుకుంటా వస్తాండావే, నీ కూతుర్ని పంపిస్తాండావా?"

"పంపిస్తాను అవ్వా."

"రోగమొస్తే?"

"జాగ్రత్తలు తీసుకుంటారంట."

నా గొంతు నాకే అతికించినట్టు వినిపించింది. రోగం భయం నాకూ ఉండాది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉండాదని ఎవరికి చెప్పేది? పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా నా బిడ్డ ఈ స్కూటీ ఆవిడ ఎదురుగా కూర్చుంటాది. నేను కాదు, ఆమె రాసింది దిద్దుతాది.

చివరికి మా ఇంటికి వచ్చినాము. పాప ఎప్పట్లాగే నా వెనకాల చేరింది. "మాది కొత్తోళ్ల దగ్గరికి పోదు మేడం" అన్నాను, కొంచెం గొప్పగానే. మేడం అరుగు మీద కూర్చుని నీళ్లు తాగింది. పాపను పిలవలేదు, పేరు అడగలేదు. కాసేపటికి పాపే ఆమె దగ్గరికి పోయి, చెవిలో ఏమో అడిగింది. మేడం కూడా దాని చెవిలోనే జవాబు చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మేడం పోయినాక అడిగినాను. "ఏం అడిగితివి పాపా?"

"బడిలో ఒంటికొస్తే ఎవురికి చెప్పల్లని."

"ఏం చెప్పింది?"

"చిటికినేలు చూపిస్తే చాలంట. గెట్టిగా చెప్పే పని లేదంట."

"నన్ను అడక్కపోతివే?"

"నీకేం తెలుసు నాయనా? నువ్వు ఆడ ఉండవు కదా."

ఎన్నాళ్ల నుంచి ఆ బెంగ పెట్టుకునుందో పాపం. పొద్దస్తమానం పక్కనే ఉన్న నాకు చెప్పలేదు. అరుగు మీద ఒక్క చెంబు నీళ్లు తాగిపోయిన మనిషికి చెప్పింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

బడి తెరిచిన రోజు కమిటీ తరఫున నన్ను గేటు దగ్గర నిలబెట్టినారు. వచ్చిన పిల్లోల్ల నుదుటికి మిషను పెట్టి జ్వరం చూసేది, చేతుల్లో శానిటైజరు పోసేది నా పని. నేను నా కూతుర్ని కూడా వెంట తీసుకపోయినాను. అది ఏడుస్తాదని నాకు గట్టి నమ్మకం. ఏడిస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకుని పెట్టుకున్నాను. ఎత్తుకుని, "ఈరోజుకు వద్దులే మేడం, రేపు చూద్దాం" అని ఇంటికి తెచ్చేసుకుందామని.

ఒక్కొక్కరే వస్తాండారు. ఏడుపులే ఏడుపులు. గొర్రెల పిల్లోడు గేటు కమ్మీ పట్టుకుని వదల్లేదు. అవ్వ మనవడు వచ్చి, అవ్వ కొంగులో మొహం పెట్టుకున్నాడు. ఆ అవ్వే కళ్లు తుడుచుకుంటా నా వైపు చూసింది, ఏదో ఒకటి చెప్పమన్నట్టు. నేను వంగి, వాడి చేయి పట్టుకుని, "ఏం కాదురా, మీ అవ్వ ఈడే కూర్చుంటాది, గంట కొట్టినాక పోదువు" అని సర్దిచెప్తాండాను.

తల తిప్పి చూస్తే నా పక్కన పాప లేదు.

వరండా దాటి పోతాండాది. మేడం తలుపు దగ్గర నిలబడి రమ్మని కూడా పిలవడం లేదు, ఊరికే చూస్తాండాది. పాప ఆమె ముందర ఆగి, చెప్పులు విడిచి, జతగా పెట్టి లోపలికి పోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పొయ్యొస్తానని చెప్పలేదు. పక్కనుండే ఒకామె "నీ బిడ్డ మంచిదన్నా, ఏడవనే లేదు" అనింది. అవునమ్మా అన్నాను. ఇంకొకరి బిడ్డ చేయి నా చేతిలో ఉండాది, నాకేమో ఆ ఏడ్చే పిల్లోడి అవ్వ మీద కుళ్లుగా ఉండాది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో మేడం మాటే. మా మేడం గాజులు ఎర్రవి. మా మేడం పాట చెప్పింది. మా మేడం చేతులు ఇట్ల కడుక్కోమనింది. ఆ "మా" అనేది వినపడినప్పుడల్లా నాకు సూది గుచ్చినట్టుండేది. "మా నాయన" అనే నోటితోనే కదా అంటాండాది.

ఒకరోజు పలక పట్టుకొచ్చి నా ముందర పెట్టింది.

"నాయనా, 'అ' ఇట్ల రాయకూడదు. పైనుంచి మొదలుపెట్టల్ల. నువ్వు నేర్పింది తప్పు."

"తప్పని ఎవురన్నారు?"

"మా మేడం."

మరుసటి రోజు బడి వదిలే వేళకు పోయినాను. మేడం వరండాలో మాస్కు సర్దుకుంటా స్కూటీ తాళాలు వెతుక్కుంటాండాది. నిలబడి అడిగేసినాను.

"మేడం, నేను నేర్పింది తప్పని బిడ్డకు చెప్పినారంట. మూతపడిన రోజుల్లో నేర్పిన నాథుడు లేడు. నేనే నేర్పినాను. దాని ముందర నన్ను తక్కువ చేస్తే ఎట్లా?"

ఆమె తాళాలు వెతకడం ఆపి నా వైపు తిరిగింది. "నేను తప్పని అనలేదన్నా. పైనుంచి రాస్తే చేయి తొందరగా తిరుగుతుందని చెప్పినాను. తరగతిలో అందరికంటే ముందుంది మీ పాపే. ఎవరు నేర్పినారని అడిగితే మా నాయన అనింది."

అంత మంచిగా చెప్పకపోయుంటే బాగుండేది. గొడవ పెట్టుకుందామని పోయినోడిని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, "సరే మేడం" అని వచ్చేసినాను. దారి పొడుగునా ఆమె మీద కోపం తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. నా బిడ్డ నా గురించి చెప్పిన మంచి మాట కూడా ముందు ఆమె చెవిలోనే పడింది కదా అని.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందర అంతా కక్కేసినాను. ఆమె పొయ్యి ముందర కూర్చుని సంగటి కెలుకుతాండాది. నేను చెప్పేది అయిపోయేదాకా ఆ పని ఆపలేదు.

"అయిందా?" అనింది.

"అయిందంటే?"

"నేను పొద్దున చేనికి పోయి పొద్దుమూకినాక నడుం పట్టుకుని ఇంటికొస్తాంటే, నా కడుపున పుట్టిన బిడ్డ ఒక్కసారి తలెత్తి, మళ్లా నీ పక్క తిరిగేది. నువ్వు చూసినావో లేదో నాకు తెలీదు. అన్నం నాయన పెట్టల్ల, జడ నాయన ఏయల్ల, పక్కలో నాయన పండుకోవల్ల. నాకు ఎట్లుండెనో నువ్వు ఎప్పుడన్నా అడిగినావా?"

నేను పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోసినాను.

"నేను కూలికి పోకుంటే ఇంట్లో తిండి లేదు. పోతే బిడ్డ లేదు. నిన్ను చూసి ఎన్నిసార్లు ఏడ్చుకున్నానో ఆ శెనక్కాయ చేన్లనడుగు. ఇప్పుడు నీకు వారం దినాలకే ఇట్లయింది."

గిన్నె దించి, చేతులు కడుక్కుని, పాపను పిలిచింది అన్నానికి. ఆమె బాధ తెలిసిందని నా మంట చల్లారిందా అంటే, లేదు. పాప ముందర ఇంతకాలం ఆమె ఎట్ల కూర్చునిందో తెలిసింది, అంతే.

కొన్నాళ్లకు ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. మళ్లీ లారీలు నడుస్తాండాయి, పనిలోకి రమ్మన్నారు. మా ఆవిడ బడి టైముకు ఇంట్లో ఉండేట్టు కూలి దగ్గర్లో చూసుకునింది. ఇప్పుడు పాపను లేపేది, తయారు చేసేది ఆమే. ముందరి మాదిరి రాత్రిదాకా పని లేదు కాబట్టి, నేను ఇంటికొచ్చేసరికి తల్లీకూతుళ్లు మేలుకునే ఏదో గుసగుసలాడుకుంటా ఉంటారు. నన్ను చూసి ఆపేస్తారు. ఏందని అడిగితే "ఏం లేదు" అంటారు.

గొర్రెల పిల్లోడు ఇప్పటికీ కుదురుగా కూర్చోడంట, అయినా రోజూ పోతాండాడు. అవ్వ ఇప్పుడు గేటు దాకా కూడా రావడం లేదు. మేడం ఎదురైతే "బాగుండారా అన్నా" అని పలకరిస్తాది. బాగుండానని చెప్తాను. ఆమె మంచి మనిషే. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు.

మొన్న ఒక మధ్యాహ్నం కరెంటు లేక మిషన్లు ఆపి మమ్మల్ని పంపించేసినారు. బండల దుమ్ము కడుక్కోకుండానే నేరుగా బడికి పోయినాను, పాపను నేనే తీసుకొద్దామని. మైదానంలో ఆడుకుంటాండాది. నేను చేయెత్తి పిలిచినాను. చూసింది. పరిగెత్తుకొస్తాదనుకున్నాను.

"ఇంకొంచేపు నాయనా!" అని అక్కడినుంచే అరిచి మళ్లీ ఆటలో పడింది.

గేటు పక్కన వేపచెట్టు కింద ఇద్దరు ముగ్గురు తల్లులు కూర్చుని ఉంటే, కొంచెం ఎడంగా నేనూ కూర్చున్నాను. ఎవరి పిల్లోలు వాళ్లకు కనపడతాండారు. మేడం పిల్లల మధ్యలో నిలబడి చప్పట్లు కొడతాండాది, నా కూతురు ఆమె చుట్టూ తిరుగుతాండాది. ఎండ కొంచెం కొంచెం నా కాళ్ల మీదికి వస్తాంటే జరిగి కూర్చున్నాను గానీ, మళ్లీ పిలవలేదు.