తెర మీద అటుకులు

ముంబైలో ఒక ఆసుపత్రిలో, కడుపు జబ్బుల మీద జరిగే పరిశోధనలో నాదొక చిన్న ఉద్యోగం. గొట్టం వేసి కడుపులోకి చూసే పరీక్షకు ముందురోజు రోగులకు ఫోన్ చేసి, "పొద్దున ఏమీ తినొద్దు, మంచినీళ్లు కూడా తాగొద్దు" అని తెలుగులో, హిందీలో, వచ్చీరాని మరాఠీలో బతిమాలడం నా పని. ఇంతమందికి చెప్పిన నేను మా ఇంట్లోనే బోల్తా పడ్డాను.

మా నాన్న, మేం బాపు అంటాం, ముంబై పక్కన భివండీ శాంతి నగర్‌లో సాంచాలు నడుపుతాడు. ఆ మగ్గాల చప్పుడులోనే బతికినవాడు కనుక రహస్యం కూడా గల్లీ అంతటికీ వినిపించేలా చెబుతాడు. అలాంటి మనిషి రెండు ముద్దలకే చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు. స్కాన్ తీయిస్తే కడుపు గోడలో గడ్డ ఉందన్నారు. అలాంటి గడ్డల గురించి రోజూ వినేదాన్ని, తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. అది క్యాన్సరైతే కడుపు చాలా భాగం కోసి తీసేయాలి. ముదిరిపోతే ఆ దారి కూడా ఉండదు. ఇంట్లో ఆ పేరు మాత్రం ఎవరమూ ఎత్తలేదు.

పరీక్ష రోజున తెల్లవారుతూనే అంజూర్ ఫాటాలో బస్సెక్కి బాపు, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ గొట్టం లోపలికి పంపింది. తెర మీద గడ్డ కనపడలేదు. తెల్లగా ఏవో తేలుతున్నాయి. ఆమె కళ్లద్దాలు సవరించుకుని చూసి, "అరే, పోహే!" అంది. అవి అటుకులు. గొట్టం వెంటనే బయటికి తీసేశారు.

"నేనేం తినలె మేడం," అన్నాడు బాపు, గొంతు సవరించుకోగానే.

బయట కూర్చున్న అవ్వను పిలిచి అడిగాను. మంచి పని మీద ఇల్లు దాటేవాళ్లకు పెరుగూ చక్కెరా పెట్టడం మరాఠీ పొరుగింటి నుంచి ఆమెకు అంటిన అలవాటు.

"ఉత్త నోటితోని ఎట్ల పంపుత బిడ్డా? పెరుగు చక్కెర పెట్టిన. ఉత్త పెరుగేం బాగుంటదని గిన్ని అటుకులు కలిపిన. గది శకునం, తిండెట్లయితది?"

నర్సులు పగలబడి నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి నాకూ నవ్వాగలేదు, అంత భయంలోనూ.

మరుసటి వారం నేను వంటింటికి తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుని పడుకున్నాను. ఈసారి గడ్డ కనిపించింది. ముక్క తీసి ల్యాబుకు పంపారు.

మా దగ్గర డాక్టర్లు సంబరపడితే నాకు భయం. ఎక్కడా చూడని జబ్బు దొరికితే వాళ్లకు పండగ, ఆ రోగి ఇంట్లో ఏడుపు. అందుకే, వారం తర్వాత రిపోర్టు కోసం బాపు, అవ్వ కూడా వచ్చిన మధ్యాహ్నం, మా పెద్ద డాక్టరు ల్యాబులోంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి, చదువుకునే పిల్లలందర్నీ సూక్ష్మదర్శిని దగ్గరికి కేకేస్తుంటే, ఓ రోగికి చేస్తున్న ఫోన్ మధ్యలోనే పెట్టేశాను. ఆయన నావైపు తిరిగి, "క్యాన్సర్ కాదమ్మా!" అన్నాడు.

అందరి నోళ్లలోనూ ఉండే మామూలు సూక్ష్మజీవే ఎలాగో కడుపు గోడలో దూరి గడ్డ కట్టిందట. చాలా అరుదట. నెలల తరబడి మందులు వాడితే కరిగిపోతుంది, కత్తి పెట్టక్కర్లేదు. ఆ పెద్దాయన చేతులు పట్టుకుని ఊపేశాను. వరండాలో పరుగెత్తి, స్ట్రెచర్ తోసేవాడికి అడ్డం పడి తిట్లు తిన్నాను. ఆ తిట్లు కూడా తియ్యగా ఉన్నాయి.

ఈ కేసు గురించి రాసి, నలుగురు డాక్టర్లకూ చూపిస్తామని పెద్దాయన బాపును అనుమతి అడిగాడు.

"నా కడుపు ఫోటో మీటింగ్‌ల ఏస్తరా సారూ? ఏయుండ్రి! గని మొదటిసారి తీసింది వద్దు, అండ్ల అటుకులున్నయ్!"

పెద్దాయనతో సహా అందరూ నవ్వారు. అవ్వ ఒక్కతే నవ్వలేదు. గోడవారన బల్ల మీద కూర్చుని మెల్లగా అంది:

"నాకు ఆకలైతుంది బిడ్డా."

ఇద్దర్నీ క్యాంటీన్‌కు తీసుకెళ్లి అవ్వకు అన్నం, పప్పు తెచ్చిచ్చాను. తలెత్తకుండా తింది. ముద్ద ఎత్తినప్పుడల్లా గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. బాపు ఎంత చిక్కిపోయాడో అందరం చూశాం, అవ్వను ఎవరమూ చూడలేదు. పళ్లెం ఖాళీ అయ్యాక, ఇంకొంచెం అడగడానికి సిగ్గుపడుతూ ఆమె బాపు వంక చూసింది. ఆయన అప్పటికే లేచి కౌంటర్ దగ్గరికి నడుస్తున్నాడు.