చెవి అందిన రోజు

ఇవాళ పొద్దున అడ్మిషన్ కోసం వచ్చిన ఒక పాప తల నిమిరితే నా వేళ్ళన్నిటికీ కొబ్బరినూనె అంటుకుంది. రెండు పిలకలు, నుదుటి మీదికి జారిన నూనె, నోట్లో బొటనవేలు. వాళ్ళమ్మ నా చేతిలో ఫైలు పెట్టి, పాపకు పదో ఎక్కం దాకా వచ్చునని, నేరుగా ఒకటో తరగతిలో వేసుకోమని అడిగింది. నేను ఫైలు తెరవలేదు. కుడిచెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమని పాపతో అన్నాను. పాప నవ్వుతూ ప్రయత్నించింది. వేళ్ళు పాపిట దాటి కొంచెం దూరం వెళ్ళి ఆగిపోయాయి. ఆ నూనె వాసనకి నాకు సుగుణక్క గుర్తొచ్చింది.

మలక్‌పేటలో ఈ బడి పెట్టకముందు నా మొదటి ఉద్యోగం పాతబస్తీ హుస్సేనీ ఆలంలో, ఒక సందులో పాత ఇంటి కింది భాగంలో నడిచే చిన్న బడిలో. సుగుణక్క అక్కడ ఆయా. ముక్కులు తుడవడం, చెప్పులు సర్దడం, ఏడ్చేవాళ్ళను చంకనేసుకోవడం ఆవిడ పని. అయినా ఏ పిల్లను ఏ తరగతిలో కూర్చోబెట్టాలో బడి నడిపే పెద్దసారు కూడా ఆవిడనే అడిగేవారు. జూన్ వస్తే గుమ్మం దగ్గర పీట వేసుకుని, వచ్చిన ప్రతి పిల్ల చేతా చెవి పట్టించేది. పుట్టిన తేదీ కాగితాలు లేని కాలంలో బడి ఈడు చూసిన పద్ధతి అది. అందితే ఒకటో తరగతి, అందకపోతే ఆట గది. నేనేమో కోస్తా నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తండ్రికి ఏకైక కూతుర్ని, పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి ఫస్టు క్లాసు తెచ్చుకున్నదాన్ని. మొదటి రోజే ఆ తతంగం చూసి నవ్వాను. పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఉండగా ఈ కొలతలేమిటని అడిగాను కూడా.

"ఈడెంతనో కాగితం చెప్తది. పెద్దగైందో లేదో పిల్లనే అడగాలె" అంది సుగుణక్క, నా వైపు చూడకుండానే.

ఆవిడ చూసేది చెయ్యి ఒక్కటే కాదని తెలియడానికి నాకు చాలా నెలలు పట్టింది. అందనప్పుడు పిల్ల తల్లి మొహం వైపు చూస్తుందా, ఏడుస్తుందా, రెండో చేత్తో మళ్ళీ ప్రయత్నిస్తుందా, చెప్పు పట్టీ తనే విప్పుకుంటుందా, ఇవన్నీ గమనించేది. చెవి ఒక వంక మాత్రమే. పిల్లల ఎదుగుదల మీద ఆవిడకు సొంత పాఠం ఒకటి ఉండేది. "మూడేండ్లకు అంత నాదే అంటది. ఐదేండ్లకు నువ్వు అమ్మ, నేను పోలీస్ అంటది. ఏడేండ్లకు నువ్వు ఔట్ అంటది. తొమ్మిదొచ్చినంక గిదేం న్యాయం అని నిన్నే నిలదీస్తది" అనేది. నేను చదివిన లావు పుస్తకాల్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

నేను చేరిన ఆ జూన్‌లోనే మమత వచ్చింది. ఆటో నడిపే యాదగిరి కూతురు. ఐదేళ్ళు ఇంకా నిండలేదు. తండ్రి ఆటోలో తిప్పుతూ నేర్పిన ఎక్కాలు, నెలలు, అక్షరాలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. నేను మురిసిపోయాను. చెవి మాత్రం అందలేదు. ఒక సంవత్సరం ఆట గదిలో ఉండనివ్వమంది సుగుణక్క. నేను పెద్దసారు దగ్గరికి వెళ్ళి, ఇంత తెలివైన పిల్లను బొమ్మల మధ్య పడెయ్యడం అన్యాయమని వాదించి, నా పూచీ మీద ఒకటో తరగతిలో వేయించాను. "నీ ఇష్టం బిడ్డా. నోరు ఉరుకుతున్నది గని, చెయ్యి ఇంకా నడుస్తలేదు" అని ఆవిడ తన పనిలో పడింది.

దసరా నాటికి ఆ మాట నిజమైంది. మమత వేళ్ళకు పెన్సిల్ పట్టు చిక్కేది కాదు. గీత మీద రాయమంటే అక్షరం గీత దాటిపోయేది. మిగతావాళ్ళు రాసేసి ఆడుకోవడానికి పోతే తను ఒక్కతే పలక ముందు కూర్చునేది. రెండుసార్లు గౌను తడుపుకుంది, పిల్లలు నవ్వారు. నేను ఏం చేశానంటే, ఇంకా ఎక్కువ హోంవర్క్ ఇచ్చాను. చెయ్యి పట్టుకుని దిద్దించాను. చివరికి కంఠతా వచ్చిన ఎక్కాలు కూడా చెప్పడం మానేసింది. అడిగితే పెదాలు బిగించుకునేది. ఒకరోజు యాదగిరి వచ్చి, పిల్లకు చదువు అబ్బేటట్టు లేదని, వచ్చే నెల నుంచి మానిపిస్తానని, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకుంటుందని చెప్పి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం సుగుణక్క నన్ను ఆట గదిలో కూర్చోబెట్టింది. యాదగిరి ఇంటికి వెళ్ళి, తప్పు పిల్లది కాదు, నాదని చెప్పమంది. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దసారుతో చెప్పిద్దాం అన్నాను.

"తెలివిగల్ల పిల్ల అని చెప్పింది నువ్వు. గిప్పుడు ఆ పిల్ల తెలివి ఎటువోలేదని గూడ నువ్వే చెప్పాలె" అంది.

ఇద్దరం సాయంత్రమే వెళ్ళాం. ఒకే గది ఇల్లు. నన్ను చూడగానే మమత బీరువా చాటుకు వెళ్ళి దాక్కుంది. ఆ క్షణం నా జీవితంలో మర్చిపోలేను, ఒక పిల్ల నన్ను చూసి దాక్కుంది. పాపలో లోపమేమీ లేదని, తొందరపడింది నేనని, మళ్ళీ ఆట గదిలో కూర్చోబెడదామని యాదగిరితో చెప్పాను.

"బిడ్డ ఫస్ట్ క్లాస్ల కూసున్నదని గల్లీ అంత చెప్పుకున్న మేడమ్. కిందికి దించితే ఏం మొఖం పెట్టుకోవాలె?" అన్నాడతను.

"యాదగిరీ, కాలు బ్రేకుకు అందకముందే ఆటో నడిపినవా నువ్వు?" అని అడిగింది సుగుణక్క.

అతను బయట నిలిపిన తన ఆటో వైపు చూశాడు. తర్వాత, ఎండాకాలం సెలవుల దాకా చూస్తానన్నాడు.

ఆట గదిలో సుగుణక్క మమతకు పెన్సిల్ ఇవ్వనే లేదు. పిండి ముద్దలు పిసికించింది, శనగలు ఒలిపించింది, గాజుల దుకాణాల నుంచి తెచ్చిన పూసలు గుచ్చించింది, తొక్కుడుబిళ్ళ ఆడించింది. నేను అన్నం తినే గంటలో అక్కడికే వెళ్ళి కూర్చునేదాన్ని. మొదట మమత నా వైపు వీపు పెట్టి ఆడుకునేది. కొన్నాళ్ళకు నన్ను కూరగాయలు కొనడానికి వచ్చిన గిరాకీని చేసి, వంకాయలు బాగాలేవని నా మీదే లొల్లి చేసింది. ఆ లొల్లికి నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఎండాకాలం సెలవులకు ముందు ఒకరోజు నేను పాఠం చెబుతుంటే మమత అడగకుండానే తరగతిలోకి ఉరికొచ్చింది. ముందు పన్ను ఒకటి ఊగుతోంది. చెయ్యి తల మీదుగా పోనిచ్చి, నూనె వేళ్ళతో ఎడమ చెవి గట్టిగా పట్టుకుంది. "టీచర్, అందింది" అంది. గుమ్మంలో సుగుణక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆ జూన్‌లో మమత ఒకటో తరగతికి మళ్ళీ వచ్చింది. నాలుగో తరగతికి వచ్చేసరికి లెక్క తప్పుగా దిద్దానని నాతోనే న్యాయం కోసం వాదించింది, పైగా తనదే రైటు.

చివరిసారి సుగుణక్కను వాళ్ళ కూతురింట్లో చూశాను. భుజం పట్టేయడంతో కూతురే తల దువ్వి పెడుతోంది. ఏదీ చెవి పట్టుకో అక్కా, అని ఆట పట్టించాను. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. "అందుతలేదు బిడ్డా. ఇంకో సంవత్సరం ఆట గదిలనే కూసోవెట్టు" అని నవ్వింది. ఆ సంవత్సరం ఆవిడకు పూర్తిగా దొరకలేదు.

ఇవాళ ఆ తల్లి కూడా, అయితే మా పాపకు తెలివి లేదంటారా, అని అడిగింది. ప్రతి జూన్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. మమత పేరు చెప్పకుండా, నా తప్పు దాచకుండా, జరిగిందంతా చెప్పాను. ఇప్పుడు నాకు తల కొట్టేసినట్టు అనిపించదు. ఆమె పాపను ఆట గదిలో చేర్చింది. వెళ్తూ వెళ్తూ పాప గుమ్మం దగ్గర ఆగి, ఎవరూ అడగకుండానే ఇంకోసారి చెయ్యి తల మీదికి ఎత్తి చూసుకుంది. అందలేదు. ఫికర్ లేదు, జూన్ మళ్ళీ వస్తుంది.