అయిదో మెట్టు దాకా

ఆ వీధిలో ఆయన్ని అందరూ మిల్లీమీటర్ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అంటే ఇంకేమైనా ఉందా? అన్నవాడి చొక్కా కుట్టు దగ్గర్నుంచి వాడి ఇంటి గుమ్మం వాలు దాకా అన్నింట్లో వంకర చూపించి, తల దించుకునేలా చేసి పంపిస్తాడు. ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు ఆయనది. రెండు చెక్కలు కలిసే మూల దగ్గర గోరు పెట్టి గీరినా సందు తగలదు. అది నిజమే, కాదనడానికి లేదు. కానీ ఆ ఒక్క నిజాన్ని చేత్తో పట్టుకుని మిగతా లోకాన్నంతా తీసిపారేస్తే ఎలాగన్నది ఆయన కూతురి గొడవ.

డాక్టరు మందులు రాసిస్తే ఆ చేతిరాత చూసి పెదవి విరుస్తాడు. పెళ్ళికి వెళ్తే కొత్త దంపతుల్ని వదిలేసి, వాళ్ళ వెనకాల కట్టిన తెర ఏ పక్కకి జారిందో చూసి వస్తాడు. అన్నానికి కూర్చుంటే కూరలో ఏ ముక్క పెద్దది, ఏ ముక్క చిన్నది అని లెక్క చెబుతాడు.

"తినడానికి కోశానండీ, గోడకి తగిలించడానికి కాదు," అనేది భార్య. ఆవిడకి అలవాటైపోయింది. కూతురికి కాలేదు.

కూతురికి బొమ్మల పోటీలో మొదటి బహుమతి వచ్చింది, చిన్నప్పుడు. బొమ్మ పట్టుకుని కొట్టుకి పరుగెత్తుకుని వెళ్ళింది. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఈ ఇల్లేంటి, ఒరిగిపోయింది?" అన్నాడు. తర్వాత దానికి మంచి ఫ్రేము కట్టి ముందుగదిలో తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్ళి చూపించేవాడు. "బొమ్మ సంగతి వదిలేయండి, మూలలు చూడండి," అనేవాడు. ఆ బొమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. చుట్టాలందరికీ దాని మూలలు తెలుసు.

ఆ పిల్ల పెద్దదయ్యి పళ్ళ డాక్టరు దగ్గర పనికి కుదిరింది. ఎవరు ఎప్పుడు రావాలో చెప్పడం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పడం. ధైర్యం చెప్పడమంటే, "ఇంత మనిషివి, చిన్న సూదికి ఏడుస్తావా?" అనడం. ముఖం అమ్మది, నోరు మాత్రం అచ్చంగా నాన్నది. ఆ మాట ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేది.

మొదటి జీతాలు కూడబెట్టి ఒక ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుంది. సాయంత్రాలు స్నేహితులతో కలిసి, ఒక మెకానిక్ షెడ్డు పైనున్న గదిలో వాయించేది. గిటారు ఇంటికి తెచ్చిన రోజు నాన్న దాన్ని వేలి కణుపుతో తట్టి చూశాడు.

"అట్ట," అన్నాడు.

"అట్ట కాదు నాన్నా, చెక్కే."

"మిషను కోసింది చెక్క ఎలా అవుతుంది?"

ఇక దాని పేరు అట్టముక్కే అయింది. వాళ్ళు ఎక్కడైనా వాయిస్తున్నారంటే అమ్మ తప్పకుండా వెళ్ళేది. వెళ్ళి, పాట అయిపోయిందనుకుని మధ్యలో చప్పట్లు కొట్టి, ఆనక నాలుక కరుచుకునేది. నాన్న ఒక్కసారీ రాలేదు. "అట్టముక్క మోగితే వినడానికి నేను కొట్టు మూసుకుని రావాలా?" అనేవాడు.

రాకపోతే పీడా పోయిందని పైకి అనేది కూతురు. అబద్ధం. ఆయన రావాలి, ముందు వరసలో కూర్చోవాలి, అయ్యాక 'బాగుంది' అనాలి. ఒక్కసారి అంటే చాలు. ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి ఇదేం కోరిక అని తనని తానే తిట్టుకునేది. ఎంత తిట్టుకున్నా ఆ కోరిక మాత్రం పోలేదు.

ఒక ఉదయం ఆయన పళ్ళు తోముకుంటూ ప్రకటించాడు. "గిటారు నేను చేస్తాను. నా చేత్తో చేసిన దాని మీద వాయించు, అప్పుడు వస్తాను."

ఆయన నోట్లో నురగ పోకముందే కూతురు సరేనంది.

మర్నాటికల్లా అమ్మ బట్టల బీరువాకి తలుపు లేదు. పాతకాలం చెక్క, గట్టి చెక్క, దీనికోసమే పుట్టిందన్నాడు ఆయన. రెండు ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి, మీద పిండిడబ్బాలు, కుక్కరు, కుట్టుమిషను పెట్టి ఆరబెట్టాడు. గిటారు మెడ కోసం అటక మీదున్న పాత మంచం పట్టె దిగింది.

"నా చీరలన్నీ వీధికి కనిపిస్తున్నాయండీ," అంది అమ్మ.

"కర్టెన్ కట్టుకో."

"కడతాను. మీరు కొలిచి ఇవ్వకండి, నాకు ఈ ఏడాదిలోనే కావాలి."

వంటింటి బల్ల పనిబల్ల అయింది. మంచినీళ్ళ కూజా మూత మీద చెక్కపొడి, ఉప్పు డబ్బాలో చెక్కపొడి, దిండు గలీబులో చెక్కపొడి. ఎవరైనా పలకరించడానికి వస్తే వాళ్ళని నిలబెట్టి, ఫ్యాక్టరీ గిటార్లు ఎందుకు పనికిరావో చెప్పేవాడు. ఈయన జన్మలో గిటారు వాయించిందీ లేదు, విన్నదీ లేదు. పాటకీ ఆయనకీ ఉన్న చుట్టరికమల్లా, పక్కింటి రేడియో తగ్గించమని అరవడమే. తీగల మోతని స్పీకరుకి అందించే పికప్‌లు మాత్రం కొనక తప్పలేదు. "తీగ చుట్టడం రాక కాదు, తీరిక లేక," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఒక్క సంగతి మాత్రం కూతురు తర్వాత కూడా మర్చిపోలేదు. ఒకరోజు ఆయన తనని స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ మొద్దు చెక్కని ఒళ్ళో పెట్టి, "చెయ్యి ఎక్కడ ఆనుతుంది?" అని అడిగాడు. చూపించింది. అక్కడ పెన్సిలుతో గీసి, ఆ అంచుని ఉలితో వాల్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ చెయ్యి పెట్టించి, మళ్ళీ రుద్దాడు. "ఒరుసుకుంటోందా?" అని అన్నిసార్లు అడిగిన మనిషి తన నాన్నేనా అని ఆమెకి అనుమానం వచ్చింది.

ఆ మురిపెం మెట్ల దగ్గర ఆవిరైపోయింది. గిటారు మెడ మీద అతికించిన పట్టీకి అడ్డంగా ఇత్తడి రంగు కమ్మీలు ఉంటాయే, అవి మెట్లు. వేలు ఏ మెట్టు వెనక నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. మెట్టు చోటు తప్పితే స్వరం తప్పుతుంది.

"నాన్నా, అన్ని మెట్లూ మెడ చివర, ఇదిగో ఇక్కడి నుంచే కొలవాలట," అని ఫోను చూపించింది. "ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి కొలవకూడదట."

ఆయన ఫోను వైపు కన్నెత్తి చూడలేదు. "రంపం కొంత చెక్కని తినేస్తుంది. అందుకే కోసిన అంచు నుంచే తర్వాతి కొలత పెట్టాలి. మా పనిలో మొదటి పాఠం ఇది. ఆ ఫోను చూసి నాకు కొలతలు నేర్పుతావా?"

ఫ్రేముల పనిలో ఆ పాఠం సరైనదే. అక్కడ కోసిన ముక్క విడిగా వచ్చేస్తుంది, మిగిలిన చెక్కని కొత్త అంచు నుంచి కొలవాలి. ఇక్కడ ఏ ముక్కా విడిపోదు. మెట్టు దిగడానికి సన్నటి గాడి పడుతుందంతే. గాడి అంచు నుంచి కొలిచిన ప్రతిసారీ, ఆ గాడి వెడల్పులో సగం తర్వాతి మెట్టుకి ఎక్కువ చేరుతుంది. మెట్టు మెట్టుకీ అది పెరుగుతూ పోతుంది. ఇంత చిన్న విషయం ఆ పెద్ద బుర్రకి తట్టలేదు. కూతురు ఇంకోమాట అనబోయి ఊరుకుంది. గట్టిగా అంటే ఆ చెక్కని అవతల పారేసి, 'ఆ అట్టముక్కే వాయించుకో' అంటాడు. అంటే ఇక రాడు.

తీగలు కట్టిన రోజు గిటారుని చూస్తే కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. తేనె రంగు పాలిష్, ఎక్కడా గీత లేదు. స్పీకరు డబ్బాకి తగిలించి మొదటి మెట్ల మీద వాయించింది. బరువైన, నిండైన మోత. అమ్మ కూడా గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది. ఆ తర్వాత వేళ్ళు పైకి జరిపింది. అయిదో మెట్టు దాటగానే స్వరం చెడడం మొదలైంది. ఇంకా పైకి వెళ్ళేసరికి పళ్ళు జివ్వుమన్నాయి.

తలెత్తి నాన్న వైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని మురిసిపోతున్నాడు. ఆయన చెవికి తేడా తెలియలేదు, తెలిసే చెవి కాదు.

ఎన్నాళ్ళ నుంచో నాలుక చివర దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. మిల్లీమీటర్ కొలత తప్పాడు! వీధి చివరిదాకా వెళ్ళి చెప్పొచ్చు. చుట్టాల్ని పిలిచి, 'చెక్క సంగతి వదిలేయండి, మెట్లు చూడండి,' అనొచ్చు.

"ఆదివారమేగా మీ ప్రోగ్రాం?" అన్నాడు ఆయన. "చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను."

ఆ మాటలన్నీ మింగేసింది. "బాగుంది నాన్నా," అంది. తనకి ఎన్నడూ దక్కని మాటని ఆయనకి ఉచితంగా ఇచ్చేసింది.

డ్రమ్ములు కొట్టే కుర్రాడు వినగానే చెవులు మూసుకున్నాడు. "ఇదేంటి అక్కా, పైన పిల్లుల్ని కట్టేశావా? పాతది తెచ్చుకో."

"ఇదే వాయించాలి."

"ఎలా వాయిస్తావ్? మన పాటలన్నీ పైనే ఉంటాయిగా?"

"కిందకి దింపుతాను."

దింపింది. ప్రతి పాటనీ విప్పి, అయిదు మెట్ల లోపల ఇమిడేలా మళ్ళీ కట్టింది. వేళ్ళు ఎగరాల్సిన చోట తీగ మారింది, పైకి పాకాల్సిన చోట ఆగి, ఆ ఖాళీనే పాటలో కలిపేసింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. తను నేర్చుకున్నదంతా ఒక పక్కన పెట్టి, నాన్న తప్పు చుట్టూ కొత్తగా నేర్చుకుంది.

ఆదివారం ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. పాట జరుగుతున్నంతసేపూ మెడ సాచి చెక్క వైపే చూశాడు. కూతురు ఎప్పుడూ వాయించనంత బాగా వాయించింది, ఆ సంగతి తనకే తెలుస్తోంది. జనం లేచి నిలబడ్డారు. అమ్మ చప్పట్లు ఈసారి సరైన చోటే పడ్డాయి. కిందకి దిగి నాన్న ముందు నిలబడింది.  ఆయన ముందు గిటారుని అందుకుని, చెమట మరకని రుమాలుతో తుడిచాడు.

"అయిదో మెట్టు దాటి పైకి వెళ్ళనే లేదు నువ్వు," అన్నాడు. "అన్ని మెట్లు వేసి ఇస్తే సగం కూడా వాడలేదు. ఇంకా నేర్చుకోవాలి."

ఆమెకి ఏడుపొచ్చింది, ఏడిస్తే దానికి కూడా వంక పెడతాడని ఆపుకుంది. 

పొద్దున్న కాఫీ తాగుతున్న ఆయన ముందు గిటారుని పెట్టింది. మెడ చివర ట్యూనర్‌ని తగిలించింది. స్వరం సరిగ్గా ఉంటే అందులో ముల్లు నిటారుగా నిలబడుతుంది, తప్పితే పక్కకి వాలుతుంది.

"చెవి లేకపోతే పోనీ, కళ్ళున్నాయిగా. చూడు," అంది.

తీగని ఊరికే మీటింది. ముల్లు నిటారుగా నిలబడింది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెళ్ళింది. ముల్లు కొంచెం ఒరిగింది. ఇంకొంచెం ఒరిగింది. మెడ మధ్యకి వచ్చేసరికి బాగా పక్కకి పోయింది.

"ఈ డబ్బా పాడైంది," అన్నాడు ఆయన.

ట్యూనర్‌ని తీసి అట్టముక్కకి తగిలించింది. మొదటి మెట్టు నుంచి చివరి దాకా, ముల్లు కదిలితే ఒట్టు.

ఆయన లేచి వెళ్ళి స్టీలు స్కేలు తెచ్చాడు. ఆమె ఫోనులోని కొలతలు చదివింది, ఆయన మెడ చివరి నుంచి కొలిచాడు. రెండోసారి కొలిచాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి కొలిచాడు. వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది.

"మూడున్నర మిల్లీమీటర్లు," అన్నాడు. "ఈ పన్నెండో దాని దగ్గర."

"అన్నీ ఒకే చోటి నుంచి కొలవాలని చెప్పాను."

"చెప్పావు."

ఆయన నోట ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఇన్నాళ్ళూ కూడబెట్టిన తిట్లలో మంచిదొకటి ఏరి అందామనుకుంది కూతురు. ఆయన కూర్చున్న తీరు చూస్తే అనబుద్ధి కాలేదు. అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"తీగలు కట్టిన రోజే."

"మరి బాగుందన్నావు?"

"బాగాలేదంటే వచ్చేవాడివా?"

ఆయన బొటనవేలి గోటిని మొదటి మెట్టు మీద పెట్టి, మెల్లగా అయిదో దాని దాకా జరిపాడు. జానెడు జాగా. మళ్ళీ వెనక్కి జరిపాడు. ఎవరో కట్టిన ఫ్రేములో సందు లేని మూల ఎప్పుడో ఒకసారి కనిపిస్తే, దాన్ని చూస్తూ ఉండిపోతాడే, అలా చూశాడు.

"అంతసేపు వాయించిందీ... ఇంతలోనేనా?" అన్నాడు.

అమ్మ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఏమన్నారు? మళ్ళీ ఒకసారి అనండి."

ఆయన మళ్ళీ అనలేదు. అవసరం లేదు, కూతురు వింది. కళ్ళు చెమర్చాయి. మిల్లీమీటర్ కూతురు ఏమనాలో అదే అంది.

"గిటారు బాగుంటే ఇంకా బాగా వాయించేదాన్ని."

ఆయన పెదవి విరవబోయి ఆగిపోయాడు. భార్య వైపు తిరిగి, "ఆ ఇస్త్రీపెట్టె ఇలా ఇవ్వు. వేడి చేస్తే జిగురు కరుగుతుంది, ఈ మెట్ల పట్టీని ఊడదీయాలి," అన్నాడు.

"బీరువా అయింది, ఇప్పుడు నా ఇస్త్రీపెట్టె కూడానా?" అంటూనే తెచ్చి ఇచ్చిందావిడ.

పట్టీ ఊడి వచ్చాక ఆయన కొత్త చెక్కని బల్ల మీద పెట్టి, పెన్సిలు చెక్కి, స్కేలుని కూతురి వైపు జరిపాడు.

"ఎక్కడి నుంచి కొలవాలన్నావ్? చెప్పు."