పూతన బిడ్డ

మా ఊరు హంసలదీవి దగ్గర. మగవాళ్ళు సముద్రం మీదికి వేటకెళ్తారు, ఆడవాళ్ళు చేపలమ్ముతారు. నేను మాత్రం ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచర్ని. మా అన్నయ్య ఇల్లు మా ఇంటి వెనకే. వదినది గుడివాడ పక్క పల్లె. కాపురానికొచ్చిన కొత్తలో ఎండుచేపల వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఏడాది తిరిగేసరికి చేపల వేలంపాట దగ్గర మాకంటే గట్టిగా అరవడం నేర్చేసింది.

ఆరేళ్ళకి కడుపు పండింది. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. బందరు తీసుకెళ్ళాం. మగపిల్లాడు. మూడు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. అన్నయ్య బోటు మీద ఉన్నాడు, ఫోను అందలేదు. నాలుగో రోజు పొద్దున్నే బిడ్డని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. వదినకి నేనే చెప్పాల్సొచ్చింది. ఏ మాటతో మొదలుపెట్టానో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. ఆమె మాత్రం, "ఒకసారి పాలు పట్టనివ్వవే" అంది. అది గుర్తుంది.

ఇంటికొచ్చాక పాలు పొంగుకొచ్చాయి. జాకెట్టు తడిసిపోయేది. నర్సు ఇచ్చిన మాత్రలు వేసుకుంది. రొమ్ముకి మల్లెపూలు కట్టుకుంటే ఆగుతాయని అమ్మ అంటే, మల్లెలు దొరికే రోజులు కాకపోయినా అవనిగడ్డ వెళ్ళి రెండు మూరలు వెతికి తెచ్చాను. పూలు వాడిపోయాయి గానీ పాలు ఆగలేదు.

పక్కింట్లో మూడు నెలల పిల్లాడుండేవాడు. వాళ్ళమ్మ పొద్దున్నే చేపల గంప దించుకోడానికి రేవుకి వెళ్ళేది. ఓ రోజు పిల్లాడు ఆగకుండా ఏడుస్తుంటే వదిన వెళ్ళి ఎత్తుకుంది. తల్లి తిరిగొచ్చేసరికి వాడు వదిన రొమ్ము పట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ అమ్మాయి వచ్చి పక్కనే కూర్చుంది. "నాకూ పాలు చాలట్లేదక్కా. రేపు కూడా కాస్త చూస్తావా?" అంది. ఊరందరికీ తెలుసు. ఎవరూ తప్పనలేదు. వదిన ముఖం మీదికి కొంచెం రంగు తిరిగొచ్చింది.

ఇంతలో కృష్ణాష్టమి వచ్చింది. మా సెంటర్లో పిల్లలకి వేషాలు వేశాం. చంటి కృష్ణుడిగా ఆ పక్కింటి పిల్లాణ్ణే పడుకోబెట్టాం. పూతన వేషానికి ఆయా ఒప్పుకోకపోతే నేనే నల్లచీర కట్టి, మూతికి కాటుక పూసుకుని వేశాను. పాలిస్తానంటూ వచ్చి విషమిచ్చిన రాక్షసి కథ పిల్లలకి గొంతు మార్చి మరీ చెప్పాను. పిల్లలు కేకలు పెట్టారు. గుమ్మం దగ్గర కూర్చున్న తల్లులు నవ్వారు. వదిన కూడా వాళ్ళలోనే ఉంది.

వారం తిరక్కుండా పిల్లాడికి జ్వరం వచ్చింది. డొక్కలెగరేస్తుంటే బందరు తీసుకెళ్ళారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము అన్నాడు డాక్టరు. పది రోజులుంచుకుని, బతికించి పంపాడు. కానీ ఆ పది రోజుల్లో ఊళ్ళో మాట తయారైంది. బిడ్డ చచ్చిన పాలు పట్టింది, అందుకే అన్నారు. పిల్లలైతే వదిన వీధిలోకొస్తే చాలు, "పూతనొచ్చింది, పూతన!" అని పరిగెత్తేవాళ్ళు.

వేషం వేసింది నేను. పేరు ఆమెకొచ్చింది.

నేను ఇంటింటికీ వెళ్ళాను. "నెమ్ము పాల వల్ల రాదమ్మా, డాక్టరుగారే చెప్పారు కదా" అన్నాను. అందరూ తలూపారు. "నువ్వు చెప్తే నిజమే టీచర్" అన్నారు. మర్నాడు మా సెంటర్ ముందు నుంచి వదిన వెళ్తుంటే వాళ్ళే పిల్లల్ని కొంగుల్లోకి లాక్కున్నారు. పక్కింటి అమ్మాయి ఒకసారి నా దగ్గరే ఏడ్చేసింది. "అక్క మంచిదే. నాకు తెలుసు. కానీ వీడికి మళ్ళీ ఏమైనా అయితే?" అంది.

ఓ మధ్యాహ్నం వదిన రొయ్యలు ఒలుస్తూ, తలెత్తకుండా అడిగింది.

"నువ్వు చెప్పిన కథలో, పూతనకి పాలున్నాయి కదా?"

"ఉన్నాయి. కృష్ణుడు పాలతో పాటు ప్రాణం కూడా తాగేశాడంటారు."

"పాలున్నాయంటే ఆవిడ కూడా ఓ బిడ్డని కనుండాలి. ఆ బిడ్డ ఏమైంది?"

నాకు తెలీదన్నాను. చిన్నప్పట్నుంచీ విన్న కథే. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకి చెప్తున్న కథే. ఒక్కసారి కూడా ఆ ప్రశ్న రాలేదు నాకు.

ఆ తర్వాత దాన్ని వదిలించుకోలేకపోయాను. పిల్లలకి గుడ్లు ఒలిచి పెడుతున్నా అదే ఆలోచన. కంసుడు ఊళ్ళో పసిపిల్లలందర్నీ చంపించాడంటారు కదా. ఆ పిల్లల్లో మొదటివాడు ఆవిడ కొడుకేనేమో. తర్వాత పాలు ఆగి ఉండవు. "నీ పాలతో నాకు పనుంది" అని ఆ రాజే కబురు పెట్టి ఉంటాడు. విషం ఎవరో తెచ్చి పూసుంటారు. వెళ్ళనంటే ఊరుకుంటాడా? రేపల్లెలో ఆ బిడ్డని ఒళ్ళోకి తీసుకున్న క్షణంలో, తను ఎందుకొచ్చిందో ఆవిడ మర్చిపోయిందేమో కూడా.

పురాణంలో ఇలా లేదని నాకు తెలుసు. అయినా ఓ పూట ధైర్యం చేసి పిల్లలకి ఇలాగే చెప్పాను. పూతన కూడా ఒకప్పుడు అమ్మే అన్నాను. ముందు వరసలో నాలుగేళ్ళ పిల్ల, "మరి కృష్ణుడు ఆవిణ్ణెందుకు చంపాడు టీచర్?" అంది. అన్నం తినే టైమైందని లేపేశాను.

మర్నాడు తల్లులు నలుగురొచ్చారు. "దేవుడి కథ మార్చి చెప్తున్నారంటగా. మీ వదిన కోసం మా పిల్లలకి రాక్షసి మీద జాలి నేర్పుతారా?" అని ఒకామె అడిగింది. గట్టిగా మాట్లాడదామనే లేచాను. కానీ పిల్లల్ని మానిపించేస్తామంటే మళ్ళీ కూర్చుండిపోయాను. "ఇంక చెప్పనండీ" అన్నాను. ఆ సంగతి వదినకి ఎవరో చేరేశారు.

దసరా ముందు వదిన పుట్టింటికి వెళ్ళొస్తానని బట్టలు సర్దుకుంది. అన్నయ్య వద్దనలేదు, ఎప్పుడొస్తావని కూడా అడగలేదు. బస్సు దాకా సంచీ మోసి, వచ్చి వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

రెండు నెలలు చూసి నేనే గుడివాడ వెళ్ళాను. బట్టల కొట్లో పని చేస్తోంది, చీరలు మడతలు పెడుతూ కనిపించింది. చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వింది, టీ తెప్పించింది.

"పిల్లాడెలా ఉన్నాడు?" అదే మొదట అడిగింది.

"పాకుతున్నాడు. ఒళ్ళు చేశాడు."

"పాలు సరిపోతున్నాయా?"

"డబ్బా పాలు పడుతున్నారు." ఆమె తలూపింది. అప్పుడు అన్నాను, "ఇంటికి రా వదినా. అందరూ మర్చిపోయారు."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమె చేతిలో చీర మడత సరిచేసి, దాని మీద ఇంకో చీర పెట్టింది. "నాకు పాలు ఆగిపోయాయి పిల్లా. ఇక్కడికొచ్చిన వారానికే ఆగిపోయాయి" అంది.

కొట్లోకి ఎవరో పెళ్ళిబట్టలకి వచ్చారు. ఆమె లేచి, "రండమ్మా, ఏ రంగు చూపించమంటారు?" అంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. నేను కాసేపు కూర్చుని, చెప్పకుండానే బస్టాండుకి బయల్దేరాను.