నొప్పి తగ్గిందని కూర్చున్న మూడు గంటలు

బట్టల మిల్లుల సమ్మె మొదలైన మరుసటి ఏడాది. నాకు ఏడో నెల. పాలమూరు నుంచి మా అత్త తెచ్చిన జొన్నల సంచి మూతి విప్పుతుంటే చూపుడు వేలికి నిప్పంటుకున్నట్టయింది. చూస్తే ఎర్రటి చిన్న తేలు. అత్తతోపాటే రైలెక్కి మేముండే కామాఠిపురా దాకా వచ్చింది.

అత్త భయపడలేదు, సంబరపడింది. కడుపుతో ఉన్నదాన్ని తేలు కుడితే పుట్టే బిడ్డకు తేలు విషం ఎక్కదనీ, ఆ బిడ్డ చెయ్యి తాకితే ఇతరులకూ దిగిపోతుందనీ మావాళ్ల నమ్మకం.

"సూది ఏపిచ్చుకోకు బిడ్డా, ఆ గుణం పోతది" అంది. వరసగా ఒంటి గదులున్న మా చాల్‌లో ఆడవాళ్లంతా వచ్చి నా కడుపు తాకి వెళ్లారు.

నేను నమ్మలేదు. ఆదివారాలు పెట్టుకునే హేతువాద చర్చల్లో మంత్రగాళ్లను దులిపేసేదాన్ని. తేలు కుట్టినవాళ్లలో చాలామంది వాళ్లంతట వాళ్లే తేరుకుంటారని, పేరు మాత్రం మంత్రానికి పోతుందని వాదించేదాన్ని. అది నిజమే. ఆ నిజాన్నే పట్టుకుని నేనూ ఇంట్లో కూర్చున్నాను. అత్త తన నమ్మకంతో, నేను నా తర్కంతో, ఇద్దరం కలిసి మూడు గంటలు పోగొట్టాం.

వేలి నొప్పి తగ్గింది. నా వాదమే గెలిచిందనుకున్నాను. ఆ తర్వాత చీర తడిసేంత చెమట, వాంతులు. చేతులు, కాళ్లు చల్లబడ్డాయి. కడుపు రాయిలా బిగుసుకుని, వదిలి, మళ్లీ బిగుసుకుంది. తాపీ పని నుంచి అన్నానికి వచ్చిన మా ఆయన నన్ను చూసి, ఎవరినీ అడక్కుండా టాక్సీ పిలిచాడు.

ఆసుపత్రిలో బీపీ ఎక్కువుంది, కాంట్రాక్షన్స్, అంటే కాన్పు నొప్పులు వస్తున్నాయి అన్నారు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినడానికి డాక్టరమ్మ చాలాసేపు వంగి ఉంది. అంతసేపూ నేను ఆమె ముఖమే చూశాను.

"కుట్టింది వేలికే. విషం గుండెకూ వెళ్తుంది, గర్భసంచికీ వెళ్తుంది. చదువుకున్నదానివి, ఎందుకు ఆగావు?" అంది.

రెండో రోజు లంగ్స్‌లో నీరు చేరి ఆక్సిజన్ పెట్టారు. నొప్పులు ఆగినట్టే ఆగి ఐదో రోజు మళ్లీ వచ్చాయి. పాప నెలలు నిండకుండా పుట్టింది. నెలకు పైగా ఇన్‌క్యుబేటర్‌లో ఉంది. అద్దం అవతల నుంచి చూడటమే. తేలు వల్లే ఇలా అయిందా అని అడిగితే, "అయ్యుండొచ్చు. ఖాయంగా చెప్పలేను" అంది డాక్టరమ్మ. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పాపకు నాలుగేళ్లు నిండాయి. దానికి తేలు విషం ఎక్కుతుందో లేదో నాకు తెలియదు. పరీక్షించి చూడబోను. కానీ ఎవరికి తేలు కుట్టినా మా గడపకే వస్తారు. పోయిన నెల పక్క గది ఎల్లమ్మకు ఇటుకల కుప్ప దగ్గర వేలికి కుట్టింది. ఆసుపత్రికి పొమ్మంటే కదల్లేదు.

"అక్కా, పాప చెయ్యి జర పెట్టియ్యి. నీ లెక్చర్ రేపు ఇంట."

ఒకప్పుడైతే గంటసేపు వాదించేదాన్ని. ఇప్పుడంత ఓపిక లేదు, అంత వ్యవధీ లేదు.

"పెడుతుంది. టాక్సీలో పెడుతుంది, పద" అన్నాను.

గ్రాంట్ రోడ్డు దాటి ఆసుపత్రి గేటు దాకా పాప చెయ్యి ఎల్లమ్మ వేలి మీదే ఉంది.

కడుపుతో ఉన్నవాళ్లను తేలు కుడితే నొప్పి తగ్గిందని ఆగకండి. ఎప్పుడు కుట్టిందో, ఎన్నో నెలో డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఎవరైనా తమ నమ్మకం వదలకపోతే వాళ్లనూ టాక్సీ ఎక్కించండి. వాదన తిరిగొచ్చాక చేసుకోవచ్చు.